బొటనవేలు దిగని వస్తువులు

నేనిప్పుడు గట్టి చెక్కబల్ల మీద కూర్చుని ఈ కథ వ్రాస్తున్నాను. పోయిన సంవత్సరమైతే ఈ పనికి నాకు లిఖితపూర్వకమైన అనుమతి కావలసివచ్చేది.

మా ఊరికి ఉత్తరాన, కొండకూ సముద్రానికీ నడుమ, సాగరతీర అర్బుద పరిశోధనాలయం ఉన్నది. అర్బుదమంటే క్యాన్సరు. రోగుల శరీరాల నుంచి తీసిన భాగాలతో అక్కడ పరిశోధన జరగాలంటే నైతిక సమీక్షా సంఘం ముందుగా ఒప్పుకోవాలి. ఆ సంఘంలో కొందరు వైద్యులు, ఒక న్యాయవాది, ధర్మాధర్మ విచక్షణ గల ఒక సామాన్యుడు ఉండాలని నిబంధన. ప్రాచ్య కళాశాలలో వ్యాకరణం చెప్పి విరమించిన నన్ను ఆ చివరి స్థానంలో కూర్చోబెట్టారు. అర్థం కానిచోట అర్థం కాలేదని చెప్పడం నా విధి. ఆ విధిలో నేను ఏనాడూ లోపం చేయలేదు.

డాక్టర్ రజియా అనే యువ శాస్త్రజ్ఞురాలి పరిశోధన మా ముందుకు వచ్చినప్పుడు కూడా అర్థం కాలేదనే చెప్పాను. ఆమె విసుక్కోలేదు. నా ఉత్తరీయం చెంగు చేతిలోకి తీసుకున్నది.

"మాస్టారూ, కణం శూన్యంలో వేలాడదండి. దాని చుట్టూ ఇలాంటి అల్లిక ఒకటి ఉంటుంది, సన్నని పోగులతో. కణాలే దాన్ని నేసుకుంటాయి. కణం ఒంటి మీద చేతుల్లాంటివి ఉంటాయి. వాటిని గ్రాహకాలు అంటాం. ఆ చేతుల్తో ఈ అల్లికను పట్టుకుని, మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని తడిమి చూసుకుంటూ ఉంటుంది."

"చూసుకుంటే ఏమవుతుందమ్మా?"

"మెత్తగా ఉంటే ఒద్దికగా ఉంటుంది. గట్టిపడిందనుకోండి, చేతులు బిగుస్తాయి. లోపలికి కబురు వెళ్తుంది: పెరుగు, కదులు, ఇల్లు దాటు అని. ఇంకో సంగతి, చుట్టూ ఉన్నదాన్ని గట్టిపరిచేది కూడా చాలావరకూ ఆ గడ్డేనండి."

"అంటే దుర్జనుడు తన చుట్టుపక్కలను చెడగొట్టి, ఆ చుట్టుపక్కల వల్ల తాను మరింత చెడతాడన్నమాట."

"అంతే మాస్టారూ! మీకు అర్థమైంది." ఆమె సంతోషించింది. నేను కొంచెం భయపడ్డాను. అర్థమైతే నా పదవి ఉంటుందో ఉండదో తెలియదు.

ఆమె చేయదలచినది ఇది. ఒక రోగి గడ్డ నుంచి కణాలు తీసి, కొన్నింటిని మీగడ వంటి మెత్తని జిగురు మీద, కొన్నింటిని ఎండిన జున్ను వంటి గట్టి జిగురు మీద పెంచుతుంది. ఆ పిమ్మట కణాల చేతుల పట్టు విడిపించే ఒక మందు వేసి, గట్టి జిగురు మీద ఉన్నవి కూడా ఒద్దికగా ఉంటాయేమో చూస్తుంది. రెండు జిగుర్లూ ఉండాలి. ఒకటే ఉంటే పోల్చడానికి ఏమీ మిగలదు.

కణాలు ఇవ్వడానికి ఒప్పుకున్నది వరహాలమ్మ. ఆర్టీసీ బస్సులో చాలాకాలం కండక్టరుగా చేసిన మనిషి. రొమ్ములో గడ్డకు శస్త్రచికిత్స అయినది. సమ్మతి పత్రం చదివి వినిపించడానికి వెళ్లిన నన్ను ఆమె నిలదీసింది.

"ముక్క అట్టుకెళ్లండి పంతులుగారూ, కాదన్ను. కానీ టిక్కెట్టు నేకుండా ఎవుల్నీ నేను బస్సెక్కనివ్వనేదు. మరి నా ముక్కకి టిక్కెట్టేటి?"

"ఏమి కావాలమ్మా?"

"అదేటి సేసిందో నాకు సెప్పాల. మంచైనా సెడ్డైనా నా ముకమ్మీదే సెప్పాల. అదే నా టిక్కెట్టు."

ఆ మాట సమ్మతి పత్రంలో చేర్పించాను. నా నోటితో కూడా హామీ ఇచ్చాను. ఈ కథలో నేను నిలబెట్టుకోవలసినది ఆ ఒక్క మాటే.

చైత్రమాసంలో సంస్థ వార్షికోత్సవం జరిగింది. రజియా తన పరిశోధన గురించి ఉపన్యసించింది. సంస్థ సంచాలకులు డాక్టర్ వైకుంఠరావుగారు ముందువరుసలో కళ్లు మూసుకుని విన్నారు. ఉపన్యాసం ముగిసీ ముగియకముందే కళ్లు తెరిచారు.

"అయితే కాఠిన్యమే శత్రువన్నమాట!"

"ఒక విధంగా అవునండి, కానీ..."

సభ యావత్తూ చప్పట్లు కొట్టింది. ఆ 'కానీ' తరువాత ఆమె చెప్పిన భాగం ఎవరికీ వినబడలేదు. నాటినుంచి అది ఆ సభాభవనంలోనే ఏ మూలో తిరుగుతూ ఉండవచ్చు.

మరునాడే మొదటి ఉత్తర్వు వెలువడింది. పరిపాలనాధికారి సన్యాసిరావుగారు దానిని రచించి, తానే చదివి వినిపించారు.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, కాఠిన్యము అర్బుదవ్యాప్తికి హేతువని ఈ సంస్థయందే ఋజువైనందున, అర్బుద నిర్మూలనకై స్థాపితమైన ఈ సంస్థయందే కాఠిన్యము కొనసాగుట విధానపరముగా అసంగతమని భావించి, సంస్థను సంపూర్ణ మృదుత్వ ప్రాంగణముగా తీర్చిదిద్దుటకు నిర్ణయించడమైనది."

కుర్చీలు పోయాయి. వాటి స్థానంలో దూదిగుట్టల వంటి ఆసనాలు వచ్చాయి. కూర్చున్నవాడు మెడవరకు దిగబడి, తల మాత్రం తామరపువ్వులా పైన కనిపించేవాడు. భోజనశాలలో జంతికలు, చేగోడీలు, వేరుశెనగ అచ్చులు నిషిద్ధమయ్యాయి. అప్పడాన్ని నీళ్లలో తడిపి వడ్డించేవారు. కాపలావాని లాఠీకి దూది చుట్టారు. గంజి పెట్టిన వస్త్రాలతో లోపలికి రాకూడదన్నారు. నా పంచె గంజి లేక కాళ్లకు చుట్టుకుని రెండుసార్లు పడబోయాను. పడినా దెబ్బ తగలదని సన్యాసిరావుగారు ధైర్యం చెప్పారు. నేలంతా పరుపులే.

ఏది మెత్తనిది, ఏది కాదు అని నిర్ణయించడానికి కొలమానం కావాలి కదా! దానికై మృదుత్వ విభాగం అని ఒకటి ఏర్పడి, సన్యాసిరావుగారు దానికి అధిపతి అయ్యారు. కొలమానం మిక్కిలి సులభమైనది. అధికారి బొటనవేలితో వస్తువును నొక్కుతారు. వేలు దిగితే వస్తువు ఉంటుంది. దిగకపోతే పోతుంది.

సన్యాసిరావుగారి బొటనవేలు అలా సంస్థంతా సంచరించింది. బల్లలను నొక్కింది, తలుపులను నొక్కింది, చివరకు ప్రహరీగోడను నొక్కింది. గోడలో వేలు దిగలేదు. గోడ పడగొట్టి, దాని స్థానంలో పెళ్లిళ్లకు కట్టే రంగుల కనాతు కట్టించారు.

రజియా పరుగున వెళ్లింది. నేనూ వెనుకనే ఉన్నాను.

"సార్, గోడ తీయకూడదండి! కణాల అడుగున కూడా ఒక పునాది పొర ఉంటుంది. మంచి కణాలు దాని మీదే నిలబడతాయి. రోగకణం చేసే మొదటి పని దాన్ని కరిగించి అవతలికి పోవడమే. అన్నీ మెత్తగా ఉండాలని నేననలేదు. దేనికి ఎంత ఉండాలో అంత..."

వైకుంఠరావుగారు ఆసనంలో మెడవరకు దిగబడి ఉన్నారు. ఆమె వైపు వాత్సల్యంతో చూశారు.

"అమ్మా రజియా, నీ పరిశోధన మీద నీకే ఇంత అపనమ్మకమైతే ఎలాగ? మేము నమ్మాం. నువ్వూ నమ్ము."

సాయంత్రానికి కనాతు కిందనుంచి గేదెలు దూరి, వరండా పరుపుల మీద నెమరువేస్తూ పడుకున్నాయి. సన్యాసిరావుగారు ఒక గేదెను బొటనవేలితో నొక్కి చూసి, ఉండవచ్చునన్నారు.

తరువాత రెండవ ఉత్తర్వు. కణం కాఠిన్యాన్ని తెలుసుకొనేది గ్రాహకాల ద్వారా కాబట్టి, సిబ్బంది గ్రాహకాలైన హస్తాలను బొంతగుడ్డ తొడుగులతో కప్పవలెనని. తొడుగులు విప్పదలచినవారు విభాగం అనుమతి పొందవలెనని. ఆ అర్జీ మీద తొడుగులతోనే సంతకం చేయవలసి ఉండడం వల్ల అందరి సంతకాలూ ఒక్కలాగే ఉండేవి. ఎవరి అర్జీకి అనుమతి వచ్చిందో తెలియక, ఎవరికీ రాలేదనే నిర్ణయానికి వచ్చారు.

ఈలోగా మృదుత్వ విభాగం పెరగసాగింది. తొలుత అది మెట్ల కింద ఒక గది. నెలకొక గది చొప్పున రెండవ అంతస్తంతా ఆక్రమించింది. తనకు ప్రత్యేకంగా విద్యుత్తు తీగ వేయించుకుంది, నీటిగొట్టం వేయించుకుంది. భోజనశాల నుంచి నేరుగా తన గుమ్మానికి ఒక దారి వేయించుకుంది. మిగిలిన విభాగాలకు కాఫీ ఆలస్యంగా రాసాగింది, చల్లగానూ రాసాగింది.

ఆ రోజుల్లోనే రజియా సూక్ష్మదర్శినిలో నాకొక గడ్డ చిత్రం చూపింది. "చూడండి మాస్టారూ, గడ్డ పెరగాలంటే తిండి కావాలి. చుట్టుపక్కల రక్తనాళాలను తన వైపు రప్పించుకుంటుంది."

నేను చాలాసేపు చూశాను. "ఇది రెండవ అంతస్తు కాదు కదమ్మా?"

ఆమె నవ్వు ఆపుకోలేక తొడుగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భాద్రపదంలో వినాయకచవితి వచ్చింది. సంస్థ గుమ్మంలో నల్లరాతి గణపతి ఉన్నాడు. స్వామి ఉదరంలో బొటనవేలు దిగదు. విభాగం ఆయనకు రజాయి కప్పింది. ఆ ఉక్కపోతలో రజాయి కప్పుకుని స్వామి ఎంత ఓర్చుకున్నాడో స్వామికే తెలియాలి. కొబ్బరికాయ కొట్టడానికి వీల్లేదన్నారు. కాయకు బదులు కొబ్బరి లౌజు నివేదన పీఠం మీద పెట్టి చేతితో నలిపారు. లౌజు చప్పుడు చేయదు గనుక, 'భళ్' అనే శబ్దాన్ని నోటితో పలకడానికి సన్యాసిరావుగారు తమ గుమాస్తాను నియమించారు.

దానితో భక్తులైన సిబ్బందికి కోపం వచ్చింది. నర్సులు పరుపుల మీద బైఠాయించారు. వైకుంఠరావుగారు వెనక్కు తగ్గి ఒక సవరణ చేశారు. భక్తివిశ్వాసాలతో పూజింపబడు వస్తువులకు బొటనవేలి పరీక్ష వర్తించదు. ఏది అట్టి వస్తువో నైతిక సమీక్షా సంఘంలోని ధర్మజ్ఞుడైన సామాన్యుడు ధ్రువీకరించవలెను.

రజాయి తీసిననాడు గణపతి తొండం మీద చెమట ఉన్నదని కొందరు చెప్పుకున్నారు. అది ఉక్కకు పట్టిన తేమ కావచ్చు. నేను వాదించలేదు.

గణపతి బయటపడ్డాడు. కానీ ఆ పక్షంలోనే బొటనవేలు రజియా ప్రయోగశాలకు చేరింది. కణాలను పెంచే వెచ్చని పేటికలో వరుసగా పేర్చిన పళ్లాలు ఉన్నాయి. మెత్తని జిగురులో వేలు దిగింది, ఆ పళ్లెం పాడైంది. గట్టి జిగురులో దిగలేదు.

"ఇవి నిషిద్ధ వస్తువులు," అన్నారు సన్యాసిరావుగారు, వేలు తుడుచుకుంటూ. "దసరా సెలవుల పిమ్మట విభాగపు సమక్షంలో నిర్మూలించబడును."

"సార్, అందులో వరహాలమ్మగారి కణాలున్నాయి! మందు వేసి ఇంకా ఫలితం చూడలేదు."

"మెత్తని పళ్లాల్లోనూ ఉన్నాయి కదా. అవి ఎలాగున్నాయి?"

"ఒద్దికగా ఉన్నాయి."

"ఆ శుభవార్తే ఆవిడకు చెప్పండి. చెడ్డవార్త దేనికి?"

విషయం సమీక్షా సంఘానికి వచ్చింది. పరుపుల మీద సమావేశం. న్యాయవాదిగారు మొదటి పావుగంటలోనే నిద్రలోకి జారుకున్నారు. ఇద్దరు వైద్యులు దిండ్లకు ఆనుకుని ఉత్తర్వులో తప్పేమీ కనబడలేదన్నారు. నేను మోకాళ్ల మీద లేచి నిలబడ్డాను. పరుపు మీద కాళ్లతో నిలబడడం నాకు సాధ్యపడలేదు.

"ఆమెకు మాట ఇచ్చాము. మంచైనా చెడ్డైనా చెబుతామన్నాము. సగం పళ్లాలు పారవేసి మిగిలిన సగం చూపడం సత్యం కాదు. సత్యాన్ని సగానికి కోసి ఇస్తే మిగిలేది అసత్యమే."

వైకుంఠరావుగారు చిరునవ్వు నవ్వారు. "మాస్టారు ఇంత గట్టిగా మాట్లాడకూడదు. వారి అసమ్మతిని మెత్తగా నమోదు చేయండి."

మెత్తగా నమోదు చేయడమంటే పెన్సిలుతో వ్రాయడమని తరువాత తెలిసింది.

నేను బయటికి వచ్చేసరికి రజియా మెట్ల మీద కూర్చుని ఉన్నది. తొడుగులు తీసి పక్కన పెట్టింది. గోళ్లు కొరుక్కుంటున్నది.

"మాస్టారూ, ధ్రువీకరణ మీ చేతిలో ఉంది. కానీ అబద్ధం రాయమని నేనడగను."

"అడిగినా వ్రాయనమ్మా."

"తెలుసండి. అందుకే అడగట్లేదు." తొడుగులను ఇంకొంచెం దూరం జరిపింది. "వరహాలమ్మగారు నిన్న కూడా గేటు దగ్గరకి వచ్చారట. కాపలావాడు పంపేశాడు. పెద్దగా అరిచి వెళ్లారట."

నేను లెక్క వేసుకున్నాను. మరునాడు మహర్నవమి. సాలెవారు మగ్గాన్ని, రైతులు నాగలిని, వడ్రంగులు ఉలిని, పండితులు గంటాన్ని పూజించే దినం. తనకు అన్నం పెట్టే పనిముట్టు ముందు మనిషి తల వంచే దినం.

"రజియా, నీ పనిముట్లు ఏవమ్మా?"

"సూక్ష్మదర్శిని, గాజుగొట్టాలు..." ఆమె తలెత్తింది. "ఈ గట్టి పళ్లాలు."

"రేపు వాటికి ఆయుధపూజ చేద్దాం. నీకు అభ్యంతరం లేకపోతేనే."

ఆమె కళ్లు పెద్దవి చేసింది. తరువాత నెమ్మదిగా నవ్వింది. "మా అబ్బాజాన్ లారీ డ్రైవరు మాస్టారూ. ఓనరు దసరాకి లారీకి పూజ చేయించేవాడు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టే పని నాదే. కానీ ఒక్క షరతు. పసుపు లోపల పడకూడదు. పడితే బూజు పట్టేస్తుంది."

"దేవి తలుపు బయటి నుంచి కూడా స్వీకరిస్తుంది."

మహర్నవమి ఉదయం స్నానం చేసి వెళ్లాను. పేటిక తలుపుకు పసుపు రాసి కుంకుమ పెట్టాను. రజియా నిమ్మకాయలు తెచ్చింది, అలవాటు ప్రకారం పేటిక కాళ్ల కింద పెట్టింది. నేను చేసిన పూజలో నటన లేదు. ఆ తలుపు వెనుక ఒక స్త్రీ శరీరంలోని బాధ చిన్న పళ్లాలలో బ్రతికి ఉన్నది. అది తన నిజం చెప్పేవరకు దానిని కాపాడమ్మా అని వేడుకున్నాను. అంత ఏకాగ్రత నాకు నిత్యపూజలో కూడా అరుదుగా కుదురుతుంది.

తరువాత ధ్రువీకరించాను: 'ఈ పేటికయు, ఇందలి పళ్లెములును మహర్నవమినాడు నా ఎదుట శాస్త్రోక్తముగా పూజింపబడినవి.' అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

సెలవుల పిమ్మట సన్యాసిరావుగారు నిర్మూలనకు వచ్చారు. కుంకుమబొట్టు చూశారు, నిమ్మకాయలు చూశారు, నా వ్రాత చూశారు. చాచిన బొటనవేలిని మెల్లగా ముడిచి, అదే చేతిని తిప్పి పేటికకు నమస్కారం చేసి వెళ్లిపోయారు.

ఉపాయం దాగలేదు. గుమాస్తా ఒకడు ఇంటినుంచి చెక్కకుర్చీ తెచ్చి, బొట్టుపెట్టి, ఇది నా ఆయుధమన్నాడు. వంటవాడు జంతికల గొట్టానికి పసుపు రాశాడు. వారంలోగా సంస్థలో బొట్టులేని వస్తువు లేదు. నేను పూజలు చేయించి చేయించి గొంతు బొంగురుపోయి ఇంట్లో మిరియాల కషాయం త్రాగవలసివచ్చింది. విభాగం ఊరుకుంటుందా? పూజితవస్తు ఉపవిభాగమని ఒకటి మూడవ అంతస్తులో పుట్టి, ఒక నియమం చేసింది. పూజింపబడిన వస్తువు దైవస్వరూపము గనుక దానిపై కూర్చొనుట, దానిని తాకుట, దానితో పనిచేయుట నిషిద్ధము. ఆ విధంగా అందరూ కుర్చీలు సంపాదించుకుని, వాటి ఎదుట నేల మీద కూర్చున్నారు.

రజియా మాత్రం నియమం చదివి, "బొట్టు తలుపుకే పెట్టారు మాస్టారూ. తలుపు నేను తాకను, మోచేత్తో తెరుస్తాను," అని పని కొనసాగించింది.

కార్తికంలో రాజధాని నుంచి తనిఖీ సంఘం వచ్చింది. ఇతర సంస్థలన్నింటికీ ఈ మృదుత్వాన్ని విస్తరింపవచ్చునా అని చూడడం వారి పని. సంఘాధ్యక్షులు భీమేశ్వరంగారు. విగ్రహంలో పేరుకు తగిన పుష్టి ఉన్నది. వైకుంఠరావుగారు ఆయనను అన్నిటికంటె మెత్తని ఆసనంలో కూర్చోబెట్టారు.

భీమేశ్వరంగారు కూర్చున్నారు. దిగారు. ఇంకా దిగారు.

"ఏమయ్యా, ఇది కుర్చీయా, ఊబియా?"

"పరిసర స్నేహపూర్వక ఆసనం సార్. సంస్థ సొంత రూపకల్పన."

"రూపకల్పన సరే, కాలు అందడం లేదు. లేపండి!"

ఆయన ఛాతీవరకు మునిగారు. వైకుంఠరావుగారు ఒక చేయి, సన్యాసిరావుగారు ఒక చేయి పట్టుకుని లాగారు. బొంతతొడుగులలోనుంచి చేతులు సబ్బుల్లా జారి, ఇద్దరూ వెల్లకిలా పరుపుల మీద పడ్డారు. ఇంకెవరో వచ్చి లాగారు, వారూ పడ్డారు. ఆయన మెడ దాకా దిగారు. ఊపిరి ఆడక ముఖం జేగురురంగు తిరిగింది. అది మాత్రం హాస్యం కాదు.

"తొడుగులు తీయండయ్యా!"

"తీయుటకు విభాగం అనుమతి..." అన్నారు సన్యాసిరావుగారు పరుపు మీదనుంచి.

"ఆ కుర్చీ ఇటు జరపండి, పట్టుకుని లేస్తాను!"

"అది దైవస్వరూపం సార్. తాకరాదు."

అప్పుడు కనాతు గోడ ఒకచోట ఉబ్బి, పైకి లేచింది. దాని కిందనుంచి వరహాలమ్మ లోపలికి వచ్చింది. చికిత్సలో ఊడిన జుట్టు అప్పుడే మళ్లీ మొలుస్తున్నది. భుజానికి పాత తోలుసంచీ.

"గేటుకాడ ఆడు రానీడు. గుడ్డ గోడకి గేటెందుకని ఇలాగొచ్చినాను. ఏటిది, మనిసి మునిగిపోతన్నాడు, సూస్తా నిలబడ్డారేటి? జరగండి, జరగండి, లోపలికి జరగండి!"

ఆ గొంతుకు అందరూ తెలియకుండానే రెండడుగులు లోపలికి జరిగారు. రజియా ప్రయోగశాల నుంచి వచ్చి తొడుగులు విసిరివేసింది. నేను, స్వామీ క్షమించు అనుకుని, బొట్టుపెట్టిన కుర్చీని ఈడ్చి ఆయన ముందు వేశాను. వరహాలమ్మ ఒక చేతిని, రజియా ఒక చేతిని వట్టిచేతులతో పట్టుకున్నారు.

"రైట్!" అన్నది వరహాలమ్మ.

భీమేశ్వరంగారు బుడుంగుమని పైకి వచ్చి, చెక్కకుర్చీ మీద పడ్డారు. కుర్చీ కిర్రుమన్నది కానీ నిలబడింది. కొంతసేపు ఆయన దాని చేతులను వదలలేదు.

"హమ్మయ్య," అన్నారు చివరకు. "గట్టిగా ఉంది." ఆ మాటలో ఉన్న భక్తి నేను చేయించిన పూజలలో వినబడలేదు.

వరహాలమ్మ అప్పటికే ఆయనను మరచిపోయింది. రజియా వైపు తిరిగింది. "డాట్రమ్మా, నా ముక్కేటి సేసింది? మంచా, సెడ్డా? పంతులుగారు మాటిచ్చినారు."

రజియా నా వైపు చూసింది. నేను తల ఊపాను.

"రెండూనమ్మా," అన్నది. "మెత్తని చోట నీ కణాలు ఒద్దికగా ఉన్నాయి. గట్టి చోట మాత్రం బాగా పెరిగాయి, పరిగెత్తాయి. అది చెడ్డ. అక్కడే వాటి చేతులు వదిలించే మందు వేశాను. నెమ్మదించాయి. అన్నీ కాదు, చాలామట్టుకు. అది మంచి. కానీ ఇది పళ్లెంలో జరిగిందమ్మా. ఒంట్లో ఇలాగే జరుగుతుందని నేను చెప్పలేను. చాలా పని ఉంది. నీ రోజులకి అందుతుందో లేదో కూడా తెలీదు."

వరహాలమ్మ సంచీ పట్టీని వేళ్లకు చుట్టుకుంది, విప్పింది.

"గట్టి సోట కూడా నెమ్మదించినాయన్నమాట."

"నెమ్మదించాయి."

"అయితే సరే. నా ముక్క ఊరికే పోనేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "టిక్కెట్టు ముట్టింది."

భీమేశ్వరంగారు ఇదంతా విన్నారు. "గట్టి పళ్లెం లేకపోతే ఈ సంగతి తెలిసేదా?" అని అడిగారు. తెలిసేది కాదన్నది రజియా. ఆయన వైకుంఠరావుగారి వైపు చూశారు. వైకుంఠరావుగారు ఇంకా వెల్లకిలానే ఉన్నారు. లేవడానికి పట్టుకోవలసినదేదీ ఆయనకు అందలేదు.

విచారణ త్వరగానే ముగిసింది. ప్రహరీగోడ మళ్లీ లేచింది, బల్లలు వచ్చాయి, రజియా గది ఆమెకు దక్కింది. నా పంచెకు గంజి తిరిగివచ్చింది. గేదెలు మాత్రం కొంత బాధపడి ఉంటాయి.

విచారణ నిర్ణయం ఈ విధంగా ఉన్నది: 'వ్యక్తి ప్రవర్తనలో కలుగు వికారమునకు అతని చుట్టునున్న పరిసరమే హేతువని ఈ సంస్థ యొక్క సొంత పరిశోధనయే నిరూపించియున్నందున, డాక్టర్ వైకుంఠరావుగారు నిర్దోషులు. వారిని అనుకూల పరిసరమునకు మార్చవలెను.'

వారు రాజధానికి, రాష్ట్రంలోని సమస్త సంస్థలనూ పర్యవేక్షించే పదవికి, మార్చబడ్డారు. సన్యాసిరావుగారూ, వారి బొటనవేలూ వెంట వెళ్లారు. మాఘమాసంలోగా ఒక పశువైద్యశాలలోను, ఒక ధాన్యపు గిడ్డంగిలోను, ఒక సర్వే కార్యాలయంలోను మృదుత్వ విభాగాలు తలెత్తినట్టు వార్త వచ్చింది. రజియా ఆ వార్తను చదివింది. కోసి తీసేసిన గడ్డ ఊపిరితిత్తుల్లోనూ కాలేయంలోనూ మళ్లీ కనిపించిన చిత్రాలు చూసేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో, అప్పుడూ అలాగే ఉన్నది.

రాజధానిలోని వైకుంఠరావుగారి కార్యాలయం నుంచి నాకూ ఒక తాఖీదు వచ్చింది. డాక్టర్ వైకుంఠరావుగారి చుట్టూ పరిసరముగా ప్రవర్తించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో సంజాయిషీ ఇవ్వవలెనని. నేను ఇలా వ్రాశాను: 'అయ్యా, పరిసరాన్ని గట్టిపరిచేది కూడా ఆ గడ్డయేనని డాక్టర్ రజియాగారు చెప్పియున్నారు. వారు 'కానీ' అన్న తరువాత చెప్పిన మాట అదియేనని నేను పిమ్మట అడిగి తెలుసుకొంటిని. తమ చప్పట్లలో తమకు వినబడియుండదు.'

దానికి ఇంకా జవాబు రాలేదు.

ఈ ఉదయం వరహాలమ్మ పరీక్షలకు వచ్చింది. ఇప్పుడు రాగానే నేరుగా మా సంఘం గదికే వస్తున్నది. నేను కూర్చున్న ఈ బల్ల అవతలి కొసన కూర్చున్నది.

"పంతులుగారూ, నా ముక్క ఇయ్యాలేటి సేసింది?"

"రజియా వస్తున్నదమ్మా. ఆమెనే అడుగుదాం. ఏదైతే అది చెబుతుంది."

ఆమె బల్లను బొటనవేలితో నొక్కి చూసింది.

"దిగట్నేదు," అన్నది, తృప్తిగా. సంచీ ఒళ్లో పెట్టుకుని వెనక్కు ఆనుకుంది.